భూస్వామి భర్త

అక్టోబరు 4, శుక్రవారం

ఒమన్‌లో సెలవు శుక్రవారమే గనక చర్చి కూడా ఈ రోజే. అది అయ్యాక, మేముండే ఘుబ్రాలోనే, మిత్రుడు ప్రేమ్ సాగర్ ఇంట్లో మీటింగు. దాన్ని సదస్సు అనాలి గాని, అతని భార్య సెలిన్ వండిన రొయ్యల పులావు వల్ల గాంభీర్యం కొంత తగ్గింది.

మాట్లాడడానికి వచ్చినాయన పేరు రఘుపతి. జగిత్యాల మనిషి. ఇక్కడి ఎడారిలో, దుక్మ్ దగ్గర డ్రిల్లింగ్ క్యాంపులో ఏళ్ళ తరబడి క్యాంప్ బాస్. అంటే అక్కడి వాళ్ళకు తిండీ పడకా చూసే ఉద్యోగం. అయితేనేం, ఇన్నేళ్ళు బావుల పక్కన పడుకున్న మనిషికి బావుల సంగతి తెలియదని ఎలా అంటాం? ఇప్పుడు హైదరాబాదు కంపెనీ ఒకటి ఆయన్ని ఇక్కడ తమ ప్రతినిధిగా పెట్టుకుంది. వాళ్ళ పరిశోధన ప్రకారం, భీమవరానికి దిగువన మా ఊరి వైపు, నాలుగు కిలోమీటర్ల లోతున రాతిపొరల్లో గ్యాసు ఇరుక్కుని ఉంది. షేల్ గ్యాసు అంటారు. దానికి సరిగ్గా పైన ఉన్నవి మా ఆవిడ దీవెనదీ సెలిన్‌దీ చేపల చెరువులు.

వాళ్ళిద్దరూ ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసి, నర్సు జీతాల్లో మిగిల్చి ఆ చెరువులు పక్కపక్కనే కొన్నప్పుడు, నీళ్ళ గుంటలకు ఇంత ధరా అన్నవాణ్ణి నేనే. ఇకమీద అనను.

“భూమున్నోళ్ళు ఇటు, పైసల్ వెట్టెటోళ్ళు అటు కూసోండి సార్. మాట సాఫ్‌గ ఉంటది” అన్నాడు రఘుపతి. దాంతో దీవెన, సెలిన్ సోఫాలో కూర్చున్నారు. నేనూ ప్రేమ్ సాగరూ డైనింగ్ కుర్చీల్లో. నా కుర్చీకి ఒక కాలు పొట్టి.

దీవెన ఒక్కటే ప్రశ్న అడిగింది. “మరి చెరువు ఏమవుతుందండి?”

“పూడుస్తరమ్మా. గ్యాస్ వడ్డంక చెరువెవలికి గావాలె?”

దీవెన ఇంకో గరిటె పులావు వడ్డించుకుంది. భూస్వాములకు ముందుచూపు తక్కువ.

నా విషయం కూడా ఇక్కడ రాసుకోవడం మంచిది. జూన్ నుంచి నేను విరామంలో ఉన్నాను. మెడికల్ స్టోర్స్‌లో నా కుర్చీని ఇక్కడి కుర్రవాడికి అప్పగించి వచ్చాను, అంతే. దీన్ని ఉద్యోగం పోవడం అనేవాళ్ళకు భాష రాదు. బతాకా, అంటే ఇక్కడి నివాస కార్డు, అది కూడా మారింది. కొత్త కార్డు ప్రకారం నేను దీవెనమ్మ భర్తను. అది నిజమే గనక ఫిర్యాదు చేయడానికి లేదు.

అక్టోబరు 6

“చెరువులు కంపెనీకి ఇచ్చే కాగితం మీద సంతకం ఎప్పుడు పెడుతున్నావు?” అని అడిగాను.

“ఏ హోదాలో అడుగుతున్నారండి?” అంది దీవెన, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ.

“భర్తగా.”

“భర్తగా అయితే మెషీన్లో బట్టలున్నాయి, తీసి ఆరెయ్యండి. ఇన్వెస్టరుగా అయితే, సెలిన్‌ని అడక్కుండా నేనేమీ చెప్పలేను.”

బట్టలు ఆరేశాను. ఎవరి హోదా వారిది.

అక్టోబరు 9

షేల్ గురించి వీడియోలు చూశాను. పెద్ద కష్టమేమీ కాదు. రాయి, నీళ్ళు, ఒత్తిడి.

అక్టోబరు 11, శుక్రవారం

రెండో సమావేశం మా ఇంట్లో. రఘుపతి చెప్పేది ఆడవాళ్ళకు అర్థం కావడం లేదని గ్రహించి నేనే పూనుకున్నాను.

“ఇది పూతరేకు లాంటిది. పొర మీద పొర, మధ్యలో నెయ్యి. ఆ నెయ్యే గ్యాసు. బావి నిలువుగా దిగుతుంది, అడుగుకు వెళ్ళాక అడ్డంగా తిరుగుతుంది. అక్కడ నీళ్ళూ ఇసుకా కలిపి గట్టిగా కొడితే పొరలు చిట్లి నెయ్యంతా బయటికొస్తుంది.”

రఘుపతి జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు. “మస్తు జెప్పిన్రు సార్. పూతరేకంటే ఏంది?” అన్నాడు. మా వైపు మిఠాయి ఎప్పుడూ తినలేదట పాపం.

“ఎన్ని నీళ్ళు కావాలి అన్నయ్యగారూ?” అంది సెలిన్.

“చాలా.”

“ఎక్కణ్ణించి తెస్తారు?”

“మన వైపు నీళ్ళకేం కొదవ? అన్నీ చెరువులేగా” అన్నాను.

నా జవాబు నా పక్షానికి కొంత నష్టం చేసిందేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

“వాడేసిన నీళ్ళు మళ్ళీ ఎక్కడ పోస్తారండి?” అని దీవెన రఘుపతిని అడిగింది.

“గది హైద్రాబాద్ సార్లను అడిగి జెప్త అమ్మా.”

“అడగండి. తొందరేం లేదు. చిట్లిపోయిన పూతరేకు ఎలాగూ ఎవరూ తినరు.”

అక్టోబరు 14

ఈ రోజు పెద్ద నిర్ణయం. గ్రాట్యుటీలోంచి కంపెనీకి అడ్వాన్సు పంపాను. ప్రేమ్ సాగర్ నిన్ననే పంపాడట. దీవెనకు చెప్పలేదు. దీన్ని దాచడం అనకూడదు. రెండు పక్షాల మధ్య మాటలు నడుస్తున్నప్పుడు ఒక పక్షం తన అడుగులు రెండో పక్షానికి చెప్పదు. పెద్ద పెద్ద కంపెనీల్లో ఇదే పద్ధతి.

సాయంత్రం దీవెన డ్యూటీ నుంచి వచ్చి, ఫోన్ చూసుకుని, నా వంక ఒకసారి చూసి, “టీ తాగుతారా?” అంది. ఆమెకేమీ తెలియదు.

ఆ బ్యాంకు ఖాతాకు ఎవరి ఫోన్ నంబరు ఇచ్చామో ఎంతకీ గుర్తు రావడం లేదు.

అక్టోబరు 19, శనివారం

బావి చూసి వచ్చాం. చూసి వచ్చాం అనడం సరి కాదేమో. చూడడానికి వెళ్ళి వచ్చాం.

రఘుపతి మాట ఇది: “కంట్లె వడితే నమ్మకం గల్గుతది.” ప్రేమ్ సాగర్ కారులో మా రెండు జంటలూ రఘుపతీ తెల్లారేసరికి బయలుదేరాం. దీవెన పులిహోర కలిపింది. దుక్మ్ రోడ్డు పట్టుకుంటే ఇక అటూ ఇటూ ఏమీ లేదు. ఒంటెలు, టైర్ల ముక్కలు, గాలి. ప్రేమ్ సాగర్ అలాంటి చోట కూడా ఇండికేటర్ వేసి మలుపు తిరుగుతాడు.

మట్టిరోడ్డు చివర గేటు. అది రఘుపతి పని చేసే క్యాంపు కాదు, వేరే వాళ్ళది. గేటుకు అవతల దూరంగా, టవరు లాంటిది ఒకటి ఎండలో వణుకుతూ కనిపించింది. అదే బావి. అంత లోతుకు దిగే పని అంత సన్నగా ఉంటుందనుకోలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతని పేరు తౌసీఫ్. పాకిస్తాన్ మనిషి. “పర్మిట్ దిఖాయియే సాబ్” అన్నాడు.

రఘుపతి తాను ఎన్ని క్యాంపుల్లో పని చేసిందీ హిందీలో చెప్పాడు. తౌసీఫ్ అంతా మర్యాదగా విని, మళ్ళీ పర్మిట్ అడిగాడు. అప్పుడు నేను ముందుకు వెళ్ళి, “హమ్ ఇన్వెస్టర్ హై” అన్నాను. తౌసీఫ్ గేటుకు ఇంకో గొలుసు వేశాడు.

కారు నీడలో కూర్చుని పులిహోర విప్పాం. దీవెన ఒక పొట్లం తీసుకెళ్ళి తౌసీఫ్‌కు ఇచ్చింది. అతను కణతలు నొక్కుకుంటూ తలనొప్పి అన్నాడు. ఆవిడ బ్యాగులో బీపీ మెషీన్ లేకుండా బయటికి రాదు. చూస్తే బీపీ బాగా ఎక్కువగా ఉందట. మాత్రలు మానేసి చాలా కాలమైందట. దీవెన అతన్ని నీడన కూర్చోబెట్టి, నన్ను కోప్పడే గొంతుతోనే కోప్పడింది. తౌసీఫ్ తల వంచుకుని విన్నాడు. తర్వాత ఎవరికో వైర్‌లెస్‌లో ఏదో చెప్పాడు. లోపలి నుంచి జీపు వచ్చింది. సిస్టర్లిద్దరినీ ఎక్కించుకుని, క్యాంపు క్లినిక్‌కు తీసుకెళ్ళింది.

ఇన్వెస్టర్లం గేటు బయటే ఉన్నాం. గాలికి పులిహోరలో ఇసుక పడింది. రఘుపతి ఎదురుగాలికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “అమ్మగారు మంచిగ చూసొస్తరు సార్” అని ఓదార్చాడు.

వాళ్ళు చాలాసేపటికి వచ్చారు. ఏసీలో కూర్చుని కేకు తిన్నారట. అక్కడి ఇంజనీరు బీపీ కూడా చూసి వచ్చారట.

“బావి ఎలా ఉంది?” అన్నాను.

“పెద్దది. నీళ్ళ ట్యాంకర్లు వరసగా వస్తూనే ఉన్నాయి. చుట్టుపక్కల ఊరు లేదు, చెట్టు లేదు, చేప లేదు. ఇక్కడైతే బాగానే ఉందండి” అంది దీవెన.

“ఇక్కడైతే” అన్న మాటను ఆమె నొక్కి పలికింది. దారి పొడుగునా దాని గురించే ఆలోచించాను.

అక్టోబరు 27

నా విజిటింగ్ కార్డులు వచ్చాయి. “కె. మనోహరం, డైరెక్టర్, ఒమన్.” హైదరాబాదు వాళ్ళు ఎంతో అభిమానంగా పంపారు. అక్షరాలు పైకి ఉబ్బి ఉన్నాయి. వేలితో తడిమితే తెలుస్తుంది.

చొక్కా టక్ చేసుకుని బయటికి వెళ్ళాను. క్షవరశాలలో ఒకటి, లాండ్రీలో ఒకటి ఇచ్చాను. లాండ్రీ అతను తన బావమరిదికి ఏదైనా పని ఉందా అని అడిగాడు. ఆలోచిస్తానన్నాను. ఎవరో నన్ను పని అడిగి ఎన్నాళ్ళయిందో.

అక్టోబరు 28

దీవెన ఉతికే ముందు నా జేబులు చూస్తుంది. కార్డు దొరికింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తీసి అద్దం ముందు పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది. నవ్వి ఉంటే తేలికగా ఉండేది.

నవంబరు 1, శుక్రవారం

భూస్వాములు షరతులు చెప్పారు. చెరువులు కౌలుకు చేసే ఆంజి ఈ పంట చేప పట్టుకునే దాకా ఎవరూ గట్టు మీద కాలు పెట్టకూడదు. వాడిన నీళ్ళు ఎక్కడికి పోతాయో చెప్పాలి. ప్రభుత్వ అనుమతి చేతికివ్వాలి. అప్పుడు గాని సంతకం మాట లేదు.

ప్రేమ్ సాగర్ బాగా వాదించాడు. “వదినగారూ, ఇన్ని షరతులు పెడితే ఇన్వెస్టర్లు పారిపోతారండి.”

“ఎక్కడికి పారిపోతారు? ఇంటి తాళాలు మా దగ్గరున్నాయి” అంది దీవెన.

సెలిన్ అతనికి మంచినీళ్ళు ఇచ్చింది.

నవంబరు 5

పొద్దున్నే ఆంజి ఫోన్.

“ఆయ్, అమ్మగారండి, ఎవరో వచ్చి గట్టంతా కొలిచేసి ఎర్రజెండాలు పాతేసేరండి. ఏటని అడిగితే కింద గ్యాసుందంటన్నారు. నా చేపలకేటవ్వుద్దండి?”

“ఏమీ అవ్వదు ఆంజీ. నువ్వు మేత వెయ్యి” అని చెప్పి దీవెన వెంటనే భీమవరంలో తనకు తెలిసిన ప్లీడరుకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది, నేనూ వినాలని.

“పైనున్న నేల మీ సొంతమమ్మా. కింద ఉన్న గ్యాసు ప్రభుత్వానిది. తియ్యాలంటే ప్రభుత్వం వాళ్ళకు లీజు ఇవ్వాలి. మీ కంపెనీకి ఉందా?”

“అప్లై చేశారండి” అన్నాను, అడక్కపోయినా.

“అప్లై చెయ్యడానికేముందండి, రేపు నేనూ చెయ్యగలను” అన్నాడాయన.

ప్లీడర్లకు పారిశ్రామిక దృష్టి ఉండదు. అయినా రఘుపతికి ఫోన్ చేశాను. కనుక్కుంటానన్నాడు.

నవంబరు 6

కనుక్కోలేదు.

నవంబరు 8, శుక్రవారం

మధ్యాహ్నం భోజనాలకు కూర్చోబోతుంటే రఘుపతి వచ్చాడు. దుక్మ్ నుంచి బస్సులో వచ్చాడట. మనిషి సగమయ్యాడు. ప్రేమ్ సాగరూ సెలినూ అప్పటికే మా ఇంట్లో ఉన్నారు.

“సార్, గాళ్ళు నా ఫోనెత్తుతలేరు. లీజ్ కాయితం అడిగినప్పటి సంది గిట్లనే.”

“మీకేం నష్టం? మీరు ప్రతినిధేగా” అన్నాను. మాటలో కొంచెం కరుకుదనం ఉంది, ఒప్పుకుంటాను.

“ప్రతినిధి గావాలంటే ముంగట నేను వెట్టాలన్నరు సార్. ఇల్లు గట్టెతందుకు దాచిన పైసలు, మొత్తం వెట్టిన.”

దీవెన అతని ముందు కంచం పెట్టింది. అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

“ఇంట్లో ఆవిడకు తెలుసా?”

“రాజేశ్వరికి జెప్పలేదమ్మా.”

“ఎందుకు చెప్పలేదు?”

“గ్యాస్ వడ్డంక జెప్దామనుకున్న.”

నాకు నవ్వు ఆగలేదు. భార్యకు చెప్పకుండా అంత పని చేసిన మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

“మీకు నవ్వెందుకండి?” అంది దీవెన, చారు పోస్తూ. “మీరు అడ్వాన్సు పంపిన రోజే బ్యాంకు మెసేజి నా ఫోనుకు వచ్చింది.”

చారు కంచం దాటి పారింది. అంతలో ప్రేమ్ సాగర్‌కు పొలమారింది.

సెలిన్ అతని వైపు తిరిగింది. “మీరెందుకు దగ్గుతున్నారు?”

కాసేపటికి రఘుపతి ఒక్కడే తినడం మొదలుపెట్టాడు. మనసు కొంత కుదుటపడినట్టుంది.

నవంబరు 9

ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడాలని ఎవరూ రాలేదు.

నవంబరు 12

మా ఫోన్లు ఎత్తని హైదరాబాదు వాళ్ళు ఈ రోజు తామే దీవెనకు ఫోన్ చేశారు. కొత్త ఇన్వెస్టర్లు ఎవరో వస్తున్నారట. భూమి వాళ్ళ సంతకం చూపిస్తే గాని నమ్మేలా లేరట.

దీవెన సోఫాలో కూర్చుంది. సెలిన్‌ను ఫోన్‌లోనే కలిపింది.

“సంతకం గురించి తప్పకుండా మాట్లాడుకుందామండి. ముందు ఒక చిన్న సంగతి. మీకు అడ్వాన్సు పంపినవాళ్ళు ముగ్గురున్నారు ఇక్కడ. వాళ్ళది వాళ్ళకు చేరితే గాని నేను ఆ మాట ఎత్తను.”

“మేడమ్, ఇన్వెస్టర్ల విషయం వేరు, మీ విషయం వేరు. వాళ్ళకీ మీకూ సంబంధం ఏమిటి?”

“ఒకాయన మా ఆయన. ఇంకొకాయన సెలిన్ వాళ్ళాయన. మూడో ఆయన మా ఇంట్లో భోంచేశాడు.”

అవతల వాళ్ళు ఆలోచించుకుని చెబుతామన్నారు.

నాకు అప్పుడు తట్టింది. ఇంత పెద్ద వ్యవహారంలో నిజంగా ఉన్నది ఆ రెండు చెరువులే. గ్యాసు ఉందో లేదో తెలియదు. లీజు లేదు. పెట్టుబడి అంతా మా లాంటి వాళ్ళ ఆశే. ఆ రెండు గుంటల నీళ్ళు తప్ప మిగతాదంతా కార్డు మీద ఉబ్బిన అక్షరాలు.

నవంబరు 20

ముందు రఘుపతి డబ్బు తిరిగి వచ్చింది. తర్వాత ప్రేమ్ సాగర్‌ది. చివరికి నాది. మెసేజి దీవెన ఫోనుకే వచ్చింది. నాకు చూపించింది.

వెంటనే వాళ్ళ ఫోన్. “మేడమ్, మా మాట నిలబెట్టుకున్నాం. ఇక సంతకం గురించి...”

“మాట్లాడతానన్నాను కదండి, మాట్లాడుతున్నాను. పెట్టను.”

సెలిన్ కూడా ఫోన్‌లోనే ఉంది. “నేనూ పెట్టనండి” అంది.

తర్వాత దీవెన ప్లీడరుకు చెప్పి, చుట్టుపక్కల చెరువుల వాళ్ళెవరూ తొందరపడి సంతకాలు పెట్టకుండా ఊళ్ళో మాట్లాడమంది. ఆంజి జెండాలన్నీ పీకేశాడట. ఆ గుడ్డలు చెరువు మీద తాళ్ళకు కట్టాడట. కొంగలు భయపడుతున్నాయంటున్నాడు. అంత పరిశోధనలో పనికొచ్చింది అదొక్కటే.

రఘుపతి దీవెనకు ఫోన్ చేశాడు. “రాజేశ్వరికి జెప్పిన అమ్మా” అన్నాడు. “ఏమంది?” అని దీవెన అడిగింది. “ఇంక తిడ్తనే ఉంది” అన్నాడు. గొంతులో సంతోషం తెలుస్తోంది.

నవంబరు 21

దీవెన సెలవు రోజు. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన వచ్చి కూర్చుంది.

“ఎందుకు పంపారు?” అంది. కోపంగా కాదు.

“ఏదో ఒకటి అవుదామని.”

“మీరేమీ కారని ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు. అదే ఇబ్బంది.”

కొంతసేపు తను కూడా ఉల్లిపాయలు తరిగింది. “నేను డ్యూటీకి వెళ్తుంటే మీరు తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతారు. లిఫ్టు దిగే దాకా నాకు బాగుండదు. మీ ఉద్యోగం నేనే ఎత్తుకుపోతున్నట్టు ఉంటుంది” అంది.

ఇన్ని నెలలూ తను ఆ మాట మోస్తోందని నాకు తెలియదు. ఉల్లిపాయలు ఎన్ని చాలునని అడిగాను. అప్పటికే కూరకు కావలసిన దాని కంటే చాలా ఎక్కువ తరిగేశాం.

డిసెంబరు 3

రఘుపతి ఫోన్. “సార్, మా క్యాంప్‌ల స్టోర్‌కు మనిషి గావాలె. నమ్మకమున్నోడు గావాలె. జీతం తక్కువనే. గాలి మాత్రం మస్తుంటది. మిమ్ములను అడుగుడు మంచిగుండదు గని...”

“ఆలోచించి చెబుతాను” అన్నాను. డైరెక్టరుగా చేసినవాణ్ణి, క్యాంపులో బియ్యం బస్తాలు లెక్కపెట్టడమా అని కొంచెం అనిపించిన మాట వాస్తవం. ఎంతసేపు అనిపించిందంటే, ఫోన్ పెట్టేసి మళ్ళీ చేసేంతసేపు.

దీవెనను అడిగాను. “వెళ్ళనా?”

“నన్నడగకండి. ఇందులో నా సంతకం అక్కర్లేదు” అంది. తర్వాత అటక మీది సూట్‌కేసు దింపి దులపసాగింది.

బతాకా మళ్ళీ మారాలి.

డిసెంబరు 24, దుక్మ్

చాలా రోజులుగా రాయడం కుదరలేదు. గాలి గురించి రఘుపతి తగ్గించి చెప్పాడు. పళ్ళ సందుల్లో కూడా ఇసుకే.

స్టోరు చిందరవందరగా ఉంది. పాత మనిషి పంచదారనూ సబ్బుపొడినీ ఒకే అరలో పెట్టాడు. క్యాంపులో టీ గురించి ఎన్నాళ్ళుగానో ఫిర్యాదులున్నాయట. ఇప్పుడు లేవు. నిన్న వంటవాళ్ళు నన్ను “స్టోర్ సార్” అన్నారు.

మధ్యాహ్నం దీవెన ఫోన్ చేసింది. చెరువుల కోసం ఇంకో కంపెనీ వచ్చిందట. వీళ్ళకు గ్యాసు వద్దట. నీళ్ళ మీద తేలే సోలార్ పలకలు పరుస్తారట. కింద చేపలు, పైన కరెంటు. శుక్రవారం ఘుబ్రాకు వచ్చి మాట్లాడతామన్నారట. ప్రేమ్ సాగర్ అప్పుడే కుర్చీలు సర్దుతున్నాడట.

“మీరేమంటారు?” అంది.

“ఏ హోదాలో అడుగుతున్నావో చెప్పాలి కదా” అన్నాను.

“హోదా ఏమీ లేదు. ఊరికే, మిమ్మల్ని అడగాలనిపించి అడుగుతున్నాను.”

నేను నిజంగా ఆలోచించాను. పలక నీడకు చేప పెరుగుతుందో లేదో ఆంజిని అడగమన్నాను. కాగితాలు ముందు ప్లీడరుకు పంపమన్నాను. టీ ఇవ్వమన్నాను, పులావు మాత్రం పెట్టొద్దన్నాను. పులావు తిన్నాక మనవాళ్ళు దేనికైనా సరేనంటారు.

ఆమె చాలాసేపు నవ్వింది. కొత్త సంవత్సరానికి సెలవు పెట్టి తను రెండు రోజులు ఇక్కడికి రావడానికి బస్సు ఉందని చెప్పింది. అక్కడ ఆడవాళ్ళకు ఉండడానికి చోటుందా అని అడిగింది. చూసి చెబుతానన్నాను. ఇంకా ఏదో చెప్పబోతోంది, నేనూ ఒకటి చెప్పాలనుకున్నాను, ఇన్నాళ్ళుగా చెప్పనిది. అదేమిటంటే...

బియ్యం లారీ వచ్చింది. దింపించాలి.